చెరువు కట్ట దగ్గర మొదలుపెట్టండి: తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఉపగ్రహ చిత్రాలతో కలిసి పనిచేసే బృందాన్ని కట్టే విధానం

"మా కాలేజీలో జీఐఎస్ ల్యాబ్ ఉంది. పక్క యూనివర్సిటీలో రిమోట్ సెన్సింగ్ వచ్చినవాళ్లున్నారు. వ్యవసాయ శాఖలో తెలిసినవాళ్లున్నారు. అందరం కలిసి ఏదైనా చేద్దామంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" ఈ ప్రశ్న నాకు తరచూ వస్తోంది. (జీఐఎస్ అంటే కంప్యూటర్‌లో మ్యాపులతో చేసే పని, రిమోట్ సెన్సింగ్ అంటే ఉపగ్రహ చిత్రాలను చదవడం.) ఎక్కువగా డిగ్రీ, ఇంజనీరింగ్ కాలేజీల లెక్చరర్లు అడుగుతారు, అప్పుడప్పుడు స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్లు కూడా. ఒక్కొక్కరికీ విడిగా చెబుతూ వచ్చాను. ఇప్పుడు మొత్తం ఒకచోట, వరసగా పెడుతున్నాను.

నేను చెప్పే పద్ధతికి మూలం ఒక్కటే. ముందు ఒకే నేల మీద, ఒకే చిన్న ప్రశ్నకు అందరూ కలిసి జవాబు రాబట్టాలి. పెద్ద ఒప్పందాలు, ప్రారంభ సభలు ఆ తర్వాతే. మొదటిసారి మేం దీన్ని తలకిందులుగా చేశాం. ఒక సంస్థతో సంతకాలయ్యాయి, శాలువాలు కప్పారు, ఫొటోలు దిగాం. ఏడాది తిరిగేసరికి చేతిలో ఒక్క మ్యాపు కూడా లేదు. ఇరువైపులా మంచివాళ్లే ఉన్నారు. సోమవారం పొద్దున ఎవరు ఏం చేయాలన్నది మాత్రం ఆ కాగితంలో లేదు.

## 1. ముందు ప్రశ్న తేల్చుకోండి, తర్వాత మనుషుల్ని పిలవండి

"జిల్లా సహజ వనరుల అధ్యయనం" అనేది ప్రశ్న కాదు, అది శీర్షిక. "మన మండలంలోని చెరువుల్లో అక్టోబరు నుంచి జనవరి దాకా నీళ్లు ఎన్ని ఎకరాల్లో నిలిచాయి?" అన్నది ప్రశ్న. దీనికి జవాబు ఒక అంకె, ఒక మ్యాపు. తప్పయితే కట్ట మీదికి వెళ్లి చూసి తప్పని చెప్పొచ్చు.

ప్రశ్న పనికొస్తుందో లేదో చూడటానికి మా దగ్గర నాలుగు పరీక్షలున్నాయి:

- ఉపగ్రహానికి అది కనిపిస్తుందా?
- ఒక్క సీజన్‌లో ముగుస్తుందా?
- జవాబు కోసం ఎదురుచూసే మనిషి ఒక్కరైనా ఉన్నారా?
- ఒక పగటిపూట బైక్ మీద తిరిగి సరిచూడగలమా?

మొదటి పరీక్షలోనే చాలామంది తప్పుతారు, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. యూరప్‌వాళ్ల ఉపగ్రహం సెంటినల్-2 నుంచి ఉచితంగా దొరికే చిత్రంలో ఒక పిక్సెల్, అంటే చిత్రంలోని అతి చిన్న గడి, 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంటే 100 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు రెండున్నర సెంట్లు. ఎకరానికి 40 పిక్సెళ్లు వస్తాయి. వినడానికి చాలానే ఉన్నట్టుంటుంది. కానీ చదరంగా ఉన్న ఎకరం పొలం ఒక్కో వైపు సుమారు 64 మీటర్లే, అంటే వరసకు ఆరు పిక్సెళ్లు. నాలుగు వైపులా గట్టు మీద పడే పిక్సెళ్లలో పక్క పొలం కూడా కలుస్తుంది. వాటిని తీసేస్తే నమ్మదగ్గవి పదహారు, మహా అయితే పాతిక. అదే పాతిక సెంట్ల టమోటా మడి అయితే మిగిలేది ఒక్క పిక్సెల్.

ఇదే లెక్కను అమెరికా ఉపగ్రహం ల్యాండ్‌శాట్‌కు వేయండి. దాని పిక్సెల్ 30 మీటర్లు, అంటే 22 సెంట్ల పైచిలుకు. మదనపల్లె వైపు చిన్న చిన్న టమోటా కమతాలను దానితో విడదీయాలని చూస్తే మూడు నెలలు వృథా.

మొదటి ఏడాదికి నేను సిఫారసు చేసేవి చెరువుల నీటి విస్తీర్ణం, ఖరీఫ్‌లో వేరుశనగ సాగు విస్తీర్ణం, పట్టణం అంచున పొలాలు ప్లాట్లుగా మారడం. చిత్తూరు అనగానే అందరికీ మామిడి గుర్తొస్తుంది, కానీ అది రెండో ఏడాదికి ఉంచండి. లేత తోటల్లో చెట్ల మధ్య అంతరపంట ఉంటుంది. ఆ చిత్రంలో కనిపించే పచ్చదనం మామిడిదా, కింద ఉన్న పంటదా అని విడదీయడానికి అనుభవం కావాలి.

ఈ వ్యాసంలో ఇక్కడి నుంచి చెరువుల ప్రశ్ననే ఉదాహరణగా తీసుకుంటాను.

## 2. సంస్థల్ని కాదు, నాలుగు రకాల మనుషుల్ని వెతకండి

బృందానికి నాలుగు పనులు చేసేవాళ్లు కావాలి. ఒకరు రెండు పనులు చేసినా ఫర్వాలేదు, ఏ పనీ ఖాళీగా మాత్రం ఉండకూడదు.

నేల తెలిసినవాళ్లు. గ్రామ వ్యవసాయ సహాయకులు, చెరువు కింద రైతులు, ఇంకా ఉన్న ఊళ్లలో నీరుగంటి (చెరువు నీళ్లు పంచే మనిషి). ఏ చెరువుకు ఏ తూము పనిచేస్తుందో, మరవ (అలుగు) ఏ ఏడాది పోయిందో వాళ్లకు నోటికి వచ్చు.

చిత్రాలు తెలిసినవాళ్లు. మన దగ్గర వీళ్లకు కొరత లేదు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్, తిరుపతిలో వ్యవసాయ కళాశాల, ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, తిరుపతి నుంచి అన్నీ గంట, గంటన్నర దూరంలోనే. వాన, మేఘాలు, వాతావరణం గురించి సందేహం వస్తే గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక శ్రీహరికోట కూడా తిరుపతి జిల్లాలోకే వచ్చింది.

జవాబు వాడుకునేవాళ్లు. నీటిపారుదల ఇంజనీరు కావచ్చు, చేపల సొసైటీ అధ్యక్షుడు కావచ్చు, సర్పంచి కావచ్చు. వీళ్లు లేకపోతే పని థీసిస్‌లో ముగుస్తుంది.

డేటా కాపలాదారు. ఫైళ్లు సరిగా ఉన్నాయా, పేర్లు నియమం ప్రకారం పెట్టారా అని పట్టుబట్టి అడిగే మనిషి. పెద్ద హోదా అక్కర్లేదు, పట్టుదల కావాలి. మా బృందంలో ఈ పని రెండేళ్లు ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని చేసింది. ఆ రెండేళ్లూ మా ఫోల్డర్లలో ఒక్క ఫైలు కూడా తప్పిపోలేదు.

జిల్లా బయట పరిచయం పెంచుకోదగ్గవి మూడున్నాయి: హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, బెంగళూరులోని దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం, మన రాష్ట్ర అంతరిక్ష అనువర్తనాల కేంద్రం. కానీ మొదటి వారమే వాళ్లకు రాయకండి. చేతిలో ఒక మ్యాపు, ఒక నిర్దిష్టమైన సందేహం ఉన్నప్పుడు రాస్తే మీ ఉత్తరాన్ని శ్రద్ధగా చదువుతారు. శిక్షణ కావలసిన విద్యార్థుల్ని డెహ్రాడూన్‌లోని భారతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ నడిపే ఉచిత ఆన్‌లైన్ కోర్సుల్లో ముందే చేర్పించండి.

అడిగే తీరులో జాగ్రత్త ఉండాలి. "మీ సహకారం కోరుతున్నాం" అని రాస్తే "తప్పకుండా" అని జవాబొస్తుంది, పని మాత్రం జరగదు. ఇలా అడగండి: "సార్, నవంబరులో రెండు శనివారాలు, మీ విద్యార్థులు ఇద్దరు, ఒక ల్యాప్‌టాప్ కావాలి. ఫలితాల మీద వాళ్ల పేర్లు ఉంటాయి." ఆయన అక్కడికక్కడే అవుననో కాదనో చెప్పగలరు. మాట అయ్యాక విభాగాధిపతికి ఒక పేజీ ఉత్తరం పంపి అనుమతి తీసుకోండి. అనుమతి లేకుండా కలిసి పనిచేసిన విద్యార్థికి తర్వాత హాజరు దగ్గర ఇబ్బందవుతుంది.

## 3. ఒక్క పేజీ ఒప్పందం

లాయర్ అక్కర్లేదు. తెలుగులో, అందరికీ అర్థమయ్యేలా, ఒక పేజీ. ఈ ఏడు విషయాలు అందులో ఉండి తీరాలి:

- ప్రశ్న ఏమిటి, ఏ మండలం, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు
- ఎవరు ఏం తెస్తారు: మనుషులు, బండి, కంప్యూటర్, పెట్రోలు ఖర్చు
- ఫీల్డులో సేకరించిన పాయింట్లు ఎవరి దగ్గర ఉంటాయి, ఎవరెవరు వాడొచ్చు
- పేపరు రాస్తే ఎవరి పేరు ముందుంటుంది, ఫీల్డుకు వచ్చినవాళ్ల పేర్లు ఎక్కడుంటాయి
- రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు బయటికి వెళ్లకూడదు
- ఎవరైనా మధ్యలో తప్పుకుంటే వాళ్లు తెచ్చిన డేటా సంగతేమిటి
- ఫలితాన్ని ఊళ్లో ఎప్పుడు, ఎవరు చూపిస్తారు

పేర్ల వరస గురించి ముందే మాట్లాడటానికి మొహమాటపడతాం. ఇక్కడే స్నేహాలు చెడిపోయాయి, నా కళ్లతో చూశాను. ఎండలో తిరిగిన కుర్రవాడి పేరు చివర్లో "కృతజ్ఞతలు" కింద ఒక లైనులో పడితే, మరుసటి ఏడాది అతను రాడు, అతని స్నేహితులూ రారు. కాబట్టి మొదటి సమావేశంలోనే టీ తాగుతూ ఈ సంగతి తేల్చేయండి.

## 4. డేటా నియమాలు: నిజమైన సహకారం ఇక్కడే తేలుతుంది

ఈ విభాగాన్ని ప్రింటు తీసి ల్యాబు గోడకు అంటించమని నా మనవి. కలిసి చేసే పనులు గొడవల వల్ల ఆగిపోయేకన్నా ఫైళ్లు కలవక ఆగిపోయేదే ఎక్కువ.

కోఆర్డినేట్లు. తిరుపతి, చిత్తూరు, కుప్పం, మదనపల్లె అన్నీ 78 డిగ్రీల రేఖాంశానికి తూర్పున ఉన్నాయి, కాబట్టి మనది యూటీఎం (భూమిని ఆరేసి డిగ్రీల పట్టీలుగా విడదీసే కోఆర్డినేట్ పద్ధతి) 44 ఉత్తర జోన్. క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో ఈ జోన్ కోడు, ఈపీఎస్‌జీ 32644, ఎంచుకోండి. అనంతపురం, బెంగళూరు మాత్రం 78కి పడమర, అవి 43వ జోన్, అంటే 32643. బెంగళూరు మిత్రుడు తన కంప్యూటర్‌లో అలవాటుగా ఉన్న 43ను మన ఫైలుకు అంటిస్తే చెరువు ఆరు డిగ్రీలు పడమరకు జరుగుతుంది. మన అక్షాంశంలో అది 650 కిలోమీటర్లు. చిత్తూరు చెరువు వెళ్లి అరేబియా సముద్రంలో పడుతుంది. అంత పెద్ద తప్పు వెంటనే కనిపిస్తుంది కాబట్టి భయం లేదు.

భయపడాల్సింది చిన్న తప్పుకు. పాత సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు, మన తిరుపతి ఉన్న 57 ఓ షీటుతో సహా, భూమి ఆకారానికి పాత లెక్క అయిన ఎవరెస్ట్ గోళం మీద గీసినవి. స్కాన్ చేసి నేరుగా డబ్ల్యూజీఎస్ 84 (ఇప్పటి జీపీఎస్ వాడే లెక్క) అని చెప్పేస్తే మ్యాపు కాస్త పక్కకు జరిగి కూర్చుంటుంది. పెద్ద చెరువుకు అది తెలియదు. చిన్న కుంట మాత్రం పక్క పొలంలోకి పోతుంది, ఎవరూ గమనించరు.

ఫైలు రకం. షేప్‌ఫైల్ వద్దు, జియోప్యాకేజ్ వాడండి. షేప్‌ఫైల్‌లో కాలమ్ పేరుకు పది అక్షరాలే దక్కుతాయి. తెలుగు పేర్లు ఒక కంప్యూటర్‌లో బాగుంటాయి, ఇంకోదాంట్లో ప్రశ్న గుర్తులవుతాయి. పైగా షేప్‌ఫైల్ అంటే ఒకటి కాదు, నాలుగైదు ఫైళ్ల గుంపు. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఒకటి తప్పిపోతుంది. జియోప్యాకేజ్ ఒక్కటే ఫైలు.

ఊరి పేర్లు. పేరుతో టేబుళ్లు కలపకండి. పల్లె, పల్లి, పల్లెలు ఇంగ్లిషులో ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు. ఒకే పేరుతో రెండు మూడు మండలాల్లో ఊళ్లుంటాయి. కేంద్ర ప్రభుత్వ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి ఊరికీ ఒక కోడు ఉంది. టేబుల్‌లో మొదటి కాలమ్ అదే ఉండాలి, పేరు చదువుకోవడానికి మాత్రమే.

జిల్లా హద్దులు. ఇంటర్నెట్‌లో దొరికే చాలా హద్దుల ఫైళ్లు ఇంకా పాత చిత్తూరువే. 2022 ఏప్రిల్ 4న పాత జిల్లాలోంచి కొన్ని మండలాలు తిరుపతికి, కొన్ని అన్నమయ్యకు వెళ్లాయి. అప్పట్లో నెల్లూరు నుంచి గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి తిరుపతిలో కలిశాయి. "చిత్తూరు జిల్లాలో సాగు తగ్గింది" అని తేలితే, సాగు తగ్గిందా, జిల్లా తగ్గిందా అని ముందు చూసుకోండి. పాత, కొత్త అంకెలు పోల్చాలంటే మండలాల వారీగా పోల్చడమే మంచిది.

సర్వే నంబర్లు. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. రైతు పాతది చెబుతాడు, కాగితంలో కొత్తది ఉంటుంది. రెండింటికీ రెండు కాలమ్‌లు పెట్టండి.

ఫైలు పేరు. మండలం, విషయం, తేదీ, చేసినవారి పొడి అక్షరాలు, ఈ వరసలోనే ఉండాలి. తేదీ ఏడాదితో మొదలవ్వాలి: 20241118. ఫైలు పేరులో "ఫైనల్", "కొత్త ఫైనల్" అనే మాటలు నిషేధం.

## 5. ఏ చిత్రం ఎప్పుడు వాడాలి

చెరువు నిండేది ఈశాన్య రుతుపవనాల్లో. చిక్కేమిటంటే చెరువు నిండే వారాల్లోనే ఆకాశం నిండా మబ్బు ఉంటుంది. 2021 నవంబరు వానలకు స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట దగ్గర నీరు ఊరుతోందని కింద ఊళ్లను ఖాళీ చేయించారు. సరిగ్గా అలాంటి రోజుల్లోనే సెంటినల్-2 చిత్రం తెరిస్తే తెల్లటి దూది తప్ప ఏమీ కనిపించదు.

కాబట్టి రెండు కళ్లు పెట్టుకోండి. మబ్బు లేని రోజులకు సెంటినల్-2, ఐదు రోజులకోసారి వస్తుంది. మబ్బు రోజులకు సెంటినల్-1 రాడార్, దానికి మేఘం అడ్డం కాదు. రాడార్‌లో నిశ్చలంగా ఉన్న నీరు నల్లగా కనిపిస్తుంది. గాలికి అలలు లేస్తే ఆ నలుపు పలచబడుతుంది. మన శేషాచలం కొండల నీడ కూడా నల్లగానే ఉంటుంది, దాన్ని నీరు అనుకోవద్దు. ఎత్తుల మ్యాపు తీసుకుని, వాలు ఎక్కువున్న చోటంతా ముందే తొలగించండి. 2025 జులై 30న శ్రీహరికోట నుంచే వెళ్లిన నిసార్ కూడా రాడార్ ఉపగ్రహమే. పన్నెండు రోజులకోసారి అదే చోటును చూస్తుంది, ముందు ముందు మన పనికి బాగా అక్కరకొస్తుంది.

మన దేశపు రిసోర్స్‌శాట్ చిత్రాలకు జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వారి భూనిధి పోర్టల్‌లో ఖాతా తెరవండి. సెంటినల్ చిత్రాలు కోపర్నికస్ డేటా స్పేస్‌లో ఉంటాయి. నెట్ నెమ్మదిగా ఉన్న కాలేజీలైతే డౌన్‌లోడ్ జోలికి పోకుండా, గూగుల్ కంప్యూటర్ల మీదే చిత్రాలను లెక్కకట్టే గూగుల్ ఎర్త్ ఇంజన్‌లో పని చేసుకోవచ్చు. చదువు, పరిశోధన పనులకు అది ఉచితం.

ఇక్కడ ఒక గుంత ఉంది, మేమూ పడ్డాం. 2022 జనవరి 25 నుంచి సెంటినల్-2 అంకెలకు 1000 కలిపి ఇస్తున్నారు. ఆ సంగతి తెలియక 2019 నుంచి 2023 దాకా గ్రాఫ్ గీస్తే, 2022లో అన్ని చెరువులూ ఒక్కసారిగా ఏదో అయిపోయినట్టు కనిపించింది. కారణం వెతుకుతూ రెండు వారాలు టెన్షన్ పడ్డాం. కొత్త చిత్రాల్లోంచి ఆ 1000 తీసేయండి. ఎర్త్ ఇంజన్‌లో అయితే "హార్మనైజ్డ్" అని ఉన్న సెట్ తీసుకుంటే ఆ పని అదే చేస్తుంది.

నీటిని గుర్తించడానికి సూత్రం సులువు. ఉపగ్రహం ఒక్కో రంగు కాంతిని ఒక్కో బ్యాండుగా విడిగా నమోదు చేస్తుంది. పచ్చ బ్యాండు లోంచి నియర్ ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని కాంతి) బ్యాండును తీసేసి, రెండింటి మొత్తంతో భాగించాలి. సెంటినల్-2లో అవి 3, 8 బ్యాండ్లు. బురద నీళ్లున్న చెరువులకు 8 బదులు 11 మేలు. దాని పిక్సెల్ 20 మీటర్లన్నది మరిచిపోవద్దు.

## 6. ఫీల్డు రోజు

ఉపగ్రహం మన మీదుగా పొద్దున పదిన్నర ప్రాంతంలో వెళ్తుంది. ఆ తేదీలు ముందే తెలుస్తాయి. అదే రోజు వెళ్లగలిగితే మంచిది, లేదంటే అటూ ఇటూ రెండు రోజుల్లోపు వెళ్లండి. తూము తెరిచి ఉన్నా, పైనుంచి వరద వస్తున్నా రెండు రోజుల్లో నీటి అంచు చాలా జరుగుతుంది.

చంద్రగిరి దారిలో ఒక చెరువు దగ్గర మాకు జరిగింది చెబుతాను. రెండు జట్లు వెళ్లాయి. ఒక జట్టు కట్ట మీద నిలబడి నీరున్నంత మేరా ఫోన్‌లో గీసింది. రెండో జట్టు ఎగువ వైపు నుంచి దిగి, బురదలో నడుస్తూ, పాదం తడిసిన ప్రతి చోటా ఒక పాయింటు పెట్టింది. సాయంత్రం రెండూ ఒకదానిమీద ఒకటి వేసి చూస్తే ఎగువ అంచు అసలు కలవలేదు. కట్ట మీద నుంచి చూసినవాళ్లకు కంపచెట్లు అడ్డం. ఆ చెట్ల కింద మోకాలి లోతు నీరుంది, పైన ఆకు తప్ప ఏమీ కనిపించదు. ఉపగ్రహానికీ అంతే. అక్కడ మేకలు మేపుతున్న ఒక పెద్దాయన కర్రతో చూపించి, "నీళ్లు ఆ గుండు దాకా వొస్తాయి నాయనా, చెట్లు మొలిచినాక మీకు కనపడవు" అన్నాడు. ఆ గుండు దగ్గర మేం పెట్టిన పాయింటే ఆ రోజు సంపాదించిన అన్నిటికన్నా విలువైనది. అప్పటినుంచి మా ఫారంలో "చెట్ల కింద నీరు" అనే గడి వేరుగా ఉంటుంది. తూటికాడ, గుర్రపుడెక్క కప్పేసిన నీటికి ఇంకో గడి.

ఫారం కోసం ఓడీకే కలెక్ట్ గానీ కోబో గానీ వాడండి, మ్యాపు మీద నేరుగా గీయాలంటే క్యూఫీల్డ్. ఇవన్నీ ఫోన్ యాప్‌లే. ప్రశ్నలు తెలుగులో పెట్టండి. నెట్ లేకపోయినా పనిచేసేలా ముందురోజే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

సంచిలో ఉండాల్సినవి:

- రెండు ఫోన్లు, పవర్ బ్యాంకు
- ప్రింటు తీసిన మ్యాపు, పెన్సిల్ (ఫోన్ ఆగిపోతే ఇదే దిక్కు)
- 30 మీటర్ల టేపు
- అనుమతి ఉత్తరం కాపీ, కాలేజీ గుర్తింపు కార్డులు
- నీళ్లు, టోపీ, బురదకు పనికొచ్చే చెప్పులు, మందుల పెట్టె

ఊళ్లోకి వెళ్లగానే చేయాల్సింది:

- సచివాలయంలో గానీ సర్పంచికి గానీ చెప్పండి. భూమి కొలుస్తున్నారనే పుకారు పుడితే ఆ రోజు పని అయినట్టే.
- ఫోన్‌లో జీపీఎస్ ఖచ్చితత్వం 5 మీటర్లలోపు వచ్చేదాకా ఆగి పాయింటు పెట్టండి.
- పొలం పాయింటు గట్టు మీద వద్దు, నడిమధ్యన. గట్టుకు కనీసం 20 మీటర్ల దూరం.
- ప్రతి పాయింటుకు నాలుగు దిక్కులా నాలుగు ఫొటోలు. వరస ఎప్పుడూ ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర.
- చెరువులోకి ఒంటరిగా దిగొద్దు. పూడిక తీసిన గుంతలు పైకి కనిపించవు.

## 7. విశ్లేషణను ఎలా పంచుకోవాలి

"నువ్వు పది చెరువులు చెయ్యి, నేను పది చేస్తా" అని వెంటనే పంచుకోకండి. ముందు మూడు చెరువులు తీసుకుని అందరూ అవే మూడూ, ఒకరిది ఒకరు చూడకుండా చేయాలి. తర్వాత అందరి ఎకరాలూ ఒక టేబుల్‌లో పెట్టండి. పది శాతం కన్నా ఎక్కువ తేడా వస్తే నియమంలో లోపముంది. మూడు చెరువులు గీసి చూసుకోవడానికి ఒక పూట చాలు, అది తర్వాత ఒక నెల కాపాడుతుంది.

నియమం కుదిరాకే పంపకం. అప్పుడు కూడా ప్రతి ఒక్కరి పనిలోంచి ఒక చెరువు ఇంకొకరు తిరిగి గీయాలి.

ఖచ్చితత్వం లెక్కకు ఒక్కో తరగతికి (అంటే నీరు, నేల లాంటి ఒక్కో రకానికి) కనీసం 50 పాయింట్లు ఉండాలన్నది ఈ రంగంలో చాలాకాలంగా పాటిస్తున్న నియమం. మ్యాపు తయారీకి వాడిన పాయింట్లను పరీక్షకు వాడకూడదు. ఒక ఉదాహరణ చూడండి. నీటి పాయింట్లు 50లో 44 సరిపోయాయి, నేల పాయింట్లు 50లో 47 సరిపోయాయి అనుకుందాం. మొత్తం 91 శాతం. చాలామంది ఇక్కడ ఆగి సంతోషపడతారు. ఆగకండి. తప్పిన ఆరు నీటి పాయింట్లూ ఎక్కడున్నాయో మ్యాపు మీద చూడండి. ఆరూ కంపచెట్ల కిందే ఉంటే, మీ పద్ధతి ప్రతి చెరువులోనూ ఎగువ భాగాన్ని తక్కువ చూపిస్తోందని అర్థం. 91 అంకె ఆ మాట చెప్పదు.

ఈ-క్రాప్ (ఏ పొలంలో ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే) నమోదులను పంటల మ్యాపు సరిచూడటానికి వాడుకోవచ్చు. నమోదు ఒక తేదీకి చెందినదని, ఆ తర్వాత పంట పోయి ఉండొచ్చని గుర్తుంచుకోండి.

## 8. డ్రోన్లు, అనుమతులు

క్లుప్తంగా చెబుతాను. తిరుమల కొండ మీద, శ్రీహరికోట పరిసరాల్లో డ్రోన్ ఆలోచనే పెట్టుకోకండి. రేణిగుంట విమానాశ్రయం చుట్టూ కూడా ఆంక్షలున్నాయి. ఎక్కడికి వెళ్లినా ముందు డిజిటల్ స్కై (డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన వెబ్‌సైటు) మ్యాపులో ఆ చోటు ఆకుపచ్చగా ఉందో లేదో చూడండి. ఆకుపచ్చ ప్రాంతంలో కూడా అనుమతి లేకుండా 400 అడుగుల పైకి వెళ్లకూడదు. అడవిలోకి అడుగు పెట్టాలంటే అటవీ శాఖ రాతపూర్వక అనుమతి కావాలి. పలమనేరు, కుప్పం వైపు ఏనుగులు తిరిగే చోట్లకు వాళ్ల సిబ్బంది తోడు లేకుండా విద్యార్థుల్ని పంపకండి.

మ్యాపుల డేటా మీద కేంద్ర ప్రభుత్వం 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన మార్గదర్శకాల తర్వాత భారతీయ సంస్థలకు మామూలు మ్యాపుల పనికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. విదేశీ యూనివర్సిటీతో కలిసి చేస్తుంటే మాత్రం, 1 మీటరు కన్నా సూక్ష్మమైన మ్యాపు డేటా వాళ్లకు పంపే ముందు ఆ మార్గదర్శకాలు చదవండి.

## 9. మాటిమాటికీ ఎదురయ్యే ఇబ్బందులు, వాటికి మందు

నెలరోజులుగా గ్రూపులో చడీచప్పుడూ లేదు. వాట్సాప్ గ్రూపును పని జరిగే చోటు అనుకోకండి. పదిహేను రోజులకోసారి, నిర్ణయించిన రోజున, అరగంట ఫోన్ మీటింగ్ పెట్టండి. ప్రతి ఒక్కరూ స్క్రీన్ మీద ఒక మ్యాపు చూపించాలి, సగం చేసిందైనా సరే.

ఒక సంస్థ డేటా ఇవ్వనంటోంది. అడగడం ఆపి, మీ పాయింట్లు మీరే ముందు ఇచ్చేయండి. మా అనుభవంలో మన ఫైలు వాళ్లకు ఒకసారి పనికొస్తే, వాళ్ల ఫైలు రెండు నెలల్లో వస్తుంది.

పాస్‌వర్డ్ ఒక్కరి దగ్గరే ఉంది, వాళ్లు బదిలీ అయ్యారు. ఎర్త్ ఇంజన్ కోడు, డ్రైవ్ ఫోల్డర్ ఎప్పుడూ ఇద్దరి పేరు మీద ఉండాలి. విద్యార్థులు కోర్సు ముగించి వెళ్లేముందే, మార్చిలో, తర్వాతి బ్యాచ్‌ను పక్కన కూర్చోబెట్టి ఒక చెరువు మొత్తం చేయించండి.

నాట్ల సమయంలో మ్యాపులో నీరు విపరీతంగా కనిపిస్తోంది. వరి మడుల్లో నిలబెట్టిన నీరు అది. చెరువు గరిష్ఠ హద్దును ముందే గీసుకుని, దాని బయట ఉన్న నీటిని లెక్కలోకి తీసుకోవద్దు.

ఫలితం చూపిస్తే ఊళ్లో ఎవరూ నమ్మలేదు. బహుశా ఇంగ్లిషు లెజెండ్‌తో (గుర్తుల పట్టీతో) ల్యాప్‌టాప్‌లో చూపించి ఉంటారు. పెద్ద కాగితం మీద, తెలుగులో, గుడి, బడి, మరవ, తూముల పేర్లతో ప్రింటు తీయండి. హెక్టార్లు వద్దు, ఎకరాలు రాయండి. పెన్ను వాళ్ల చేతికివ్వండి. వాళ్లు దిద్దినదాన్ని తిరిగి మ్యాపులోకి ఎక్కించండి.

## 10. మొదటి ఆరు వారాలు

సెప్టెంబరు రెండో వారంలో మొదలుపెడితే వానలకు ముందే సిద్ధమవుతారు.

- 1వ వారం: ప్రశ్న ఒక్క వాక్యంలో రాయండి. నాలుగు పరీక్షలు పెట్టండి. మండలం ఎంచుకోండి.
- 2వ వారం: నలుగురిని స్వయంగా కలవండి, ఫోన్‌లో కాదు. ఒక పేజీ ఒప్పందం, విభాగాధిపతుల అనుమతి.
- 3వ వారం: డేటా నియమాల కాగితం. అందరి కంప్యూటర్లలో ఒకే క్యూజీఐఎస్ వెర్షన్, 32644, ఒకే ఖాళీ జియోప్యాకేజ్.
- 4వ వారం: చెరువుల పేర్లు, ఊరి కోడ్లు, గరిష్ఠ హద్దులు. నీరుగంటిని గానీ పెద్ద రైతును గానీ పక్కన కూర్చోబెట్టుకుని సరిచూడండి.
- 5వ వారం: అందరూ అవే మూడు చెరువులు గీసే పరీక్ష. తేడాలు, నియమం సవరణ.
- 6వ వారం: ఉపగ్రహం వచ్చే తేదీ చూసుకుని, ఆ పొద్దున పదింటికల్లా అందరూ కట్ట మీద ఉండండి. సగం మంది తూము వైపు నుంచి, సగం మంది ఎగువ నుంచి నడవండి. ఎగువ నుంచి నడిచేవాళ్లు దారిలో మేకల కాపరి కనిపిస్తే ఆగి, నీళ్లు ఎందాకా వస్తాయో అడిగి, ఆయన చూపించిన చోట పాయింటు పెట్టండి.